ఇన్‌స్టాల్ అయిన డ్రైవర్ ఎందుకు కనిపించదు?

డేటాబేస్ డ్రైవర్ ఇన్‌స్టాల్ చేస్తారు. ఆకుపచ్చ గీత చివరిదాకా పాకుతుంది, పని పూర్తయిందన్న పెట్టె వస్తుంది, ఫినిష్ నొక్కుతారు. తీరా అప్లికేషన్ తెరిచి కనెక్ట్ నొక్కగానే అసలు డ్రైవరే లేదంటుంది. అక్కడి నుంచి చాలామంది పట్టే దారి ఒకటే, తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం. అప్పటికీ కుదరకపోతే పాత వెర్షన్, అదీ కాకపోతే ఎక్కడో దొరికిన ఇంకో వెర్షన్. సాయంత్రమయ్యేసరికి ఒకే డేటాబేస్‌కు ఆ కంప్యూటర్లో నాలుగు డ్రైవర్లు పోగవుతాయి. సమస్య మాత్రం పొద్దున ఎక్కడుందో అక్కడే ఉంటుంది.

ఈ తిప్పలకు కొంత కారణం డ్రైవర్ అన్న మాటే. ప్రింటర్ డ్రైవర్ ఒక్కసారి వేస్తే వర్డ్ నుంచీ బ్రౌజర్ నుంచీ అన్నిట్లోంచీ ప్రింట్ వస్తుంది. డేటాబేస్ డ్రైవర్ కూడా అలాగే కంప్యూటర్ మొత్తానికీ తెలిసిపోతుందని అనుకుంటాం. అది వేరే జాతి. ఏ పరికరాన్నీ నడపదు, డివైస్ మేనేజర్లో ఎంత వెతికినా దొరకదు. అదొక లైబ్రరీ ఫైలు, అంతే. అప్లికేషన్ పిలిచినప్పుడు ఆ అప్లికేషన్ ప్రాసెస్‌లోకే వచ్చి కూర్చుంటుంది. అది అడిగినదాన్ని డేటాబేస్ సర్వర్‌కు అర్థమయ్యే ప్రోటోకాల్‌లోకి మార్చి పంపుతుంది. కాబట్టి 'డ్రైవర్ ఇన్‌స్టాల్ అయిందా?' అని ఊరికే అడిగితే జవాబు ఉండదు. ఏ అప్లికేషన్ అడుగుతోంది, ఏ యూజర్ కింద నడుస్తోంది, ఎక్కడ వెతుకుతోంది అన్నవి కూడా కలిపి అడగాలి. డ్రైవర్ సమస్య అనుకునేవాటిలో చాలావరకు నిజానికి ఈ వెతుకులాట సమస్యలే.

మైక్రోసాఫ్ట్ 1992లో ఓడీబీసీ (ఓపెన్ డేటాబేస్ కనెక్టివిటీ) అనే ఏర్పాటును విడుదల చేసింది. అప్లికేషన్ కోడ్ తిరగరాయకుండా వేర్వేరు డేటాబేస్‌లతో మాట్లాడించాలన్నది దాని ఉద్దేశం. అందుకోసం అప్లికేషన్‌కూ డ్రైవర్‌కూ మధ్యలో డ్రైవర్ మేనేజర్ అనే మధ్యవర్తిని పెట్టారు. అప్లికేషన్ ఒక పేరు చెబుతుంది. అది డీఎస్ఎన్ అని పిలిచే డేటా సోర్స్ పేరు కావచ్చు, నేరుగా డ్రైవర్ పేరే కావచ్చు. డ్రైవర్ మేనేజర్ తన పట్టికలో ఆ పేరు వెతికి, దాని ఎదురుగా రాసి ఉన్న ఫైలును లోడ్ చేస్తుంది. విండోస్‌లో ఆ పట్టిక రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగ్‌లు దాచుకునే చోట ఉంటుంది. లినక్స్‌లో అది ఒక మామూలు టెక్స్ట్ ఫైలు. ఇన్‌స్టాలర్ చేసే అసలు పని కూడా ఇంతే: ఫైలును డిస్క్ మీద పెట్టి, పేరును పట్టికలో రాస్తుంది. 'విజయవంతం' అన్న పెట్టెకు అంతకుమించి అర్థం లేదు. ఆ పట్టికను మీ అప్లికేషన్ చదువుతుందా లేదా అన్నది ఇన్‌స్టాలర్‌కు తెలియదు.

ఎర్రర్ ఎవరి నోటి నుంచి వచ్చింది?

ఓడీబీసీ ఎర్రర్ మెసేజ్ మొదట్లో చదరపు బ్రాకెట్లలో కొన్ని పేర్లు వరసగా ఉంటాయి. వాటిని ఎవరూ చదవరు, అసలు సంగతి దాటేసి పోతారు. ఆ బ్రాకెట్లే చిరునామా. కంపెనీ పేరుతో మొదలై, ఆ మెసేజ్‌తో సంబంధం ఉన్న భాగాలు ఒక్కొక్కటిగా వస్తాయి. చివరి బ్రాకెట్లో ఏ పేరుంటే తప్పు అక్కడ బయటపడిందని అర్థం. మైక్రోసాఫ్ట్, ఆ తర్వాత ఓడీబీసీ డ్రైవర్ మేనేజర్ అని రెండే ఉంటే విషయం ఇంకా డ్రైవర్ దాకా రాలేదు, మధ్యవర్తి దగ్గరే ఆగిపోయింది. మైక్రోసాఫ్ట్, డ్రైవర్ పేరు, దాని పక్కన ఎస్‌క్యూఎల్ సర్వర్ అని మూడు ఉండి, ఫలానా యూజర్‌కు లాగిన్ కుదరలేదని వచ్చిందనుకోండి. అది సంతోషించాల్సిన ఎర్రర్. డ్రైవర్ దొరికింది, లోడ్ అయింది, నెట్‌వర్క్ దాటి సర్వర్‌ను చేరింది, సర్వరే స్వయంగా కాదంది. ఇక ఇన్‌స్టాలేషన్ వైపు చూడక్కర్లేదు, పాస్‌వర్డ్ సంగతి చూసుకుంటే చాలు. ఇలాంటి మెసేజ్ చూసి కూడా డ్రైవర్‌ను తీసేసి మళ్లీ వేసేవాళ్లున్నారు!

బ్రాకెట్ల పక్కనే అయిదు అక్షరాల కోడ్ కూడా ఉంటుంది. ఐఎం002 వస్తే అడిగిన పేరు పట్టికలో లేదు. ఐఎం003 అయితే పేరు దొరికింది కానీ దాని ఎదురుగా ఉన్న ఫైలు లోడ్ కాలేదు. ఐఎం014 అయితే అప్లికేషన్, డ్రైవర్‌లలో ఒకటి 32 బిట్, ఇంకోటి 64 బిట్. 08001 అంటే డ్రైవర్ బాగానే లేచింది, సర్వర్‌తో కనెక్షన్ కుదరలేదు. 28000 పైన చెప్పిన లాగిన్ గొడవ. ఈ అయిదూ గుర్తుంటే రోజువారీ పని చాలావరకు నడిచిపోతుంది.

ఐఎం002లో ఒక చిన్న మెలిక ఉంది. డ్రైవర్ పేరు అక్షరం పొల్లుపోకుండా పట్టికలో ఉన్నట్టే ఉండాలి, పైగా చాలా డ్రైవర్లకు వెర్షన్ నంబర్ పేరులోనే భాగం. కనెక్షన్ స్ట్రింగ్‌లో (కనెక్షన్ వివరాలన్నీ ఒకే వరసలో రాసేది) 'ఓడీబీసీ డ్రైవర్ 17 ఫర్ ఎస్‌క్యూఎల్ సర్వర్' అని రాసి ఉంటే, కంప్యూటర్లో 18 ఉన్నా లేనట్టే. కొత్తది కదా, పాతదాని పని అదే చూసుకుంటుందిలే అనుకోవడానికి లేదు. మైఎస్‌క్యూఎల్ డ్రైవర్‌కు వెర్షన్‌తో పాటు యూనికోడ్, ఆన్సీ అని రెండు పేర్లుంటాయి. పోస్ట్‌గ్రెస్ డ్రైవర్‌ది ఇంకా చిత్రం. విండోస్‌లో 64 బిట్ డ్రైవర్ పేరు చివర ఎక్స్64 అని అతికించి ఉంటుంది, 32 బిట్ దానికి ఉండదు. ఒక కంప్యూటర్లో పనిచేసిన కనెక్షన్ స్ట్రింగ్‌ను ఇంకో కంప్యూటర్లోకి కాపీ చేస్తే పనిచేయకపోవడానికి ఈ పాటి తేడా చాలు. పేరును చేత్తో టైప్ చేయకుండా విండోస్‌తో వచ్చే ఓడీబీసీ అడ్మినిస్ట్రేటర్ ప్రోగ్రామ్‌లోని డ్రైవర్స్ ట్యాబ్‌లో ఎలా ఉందో చూసి అచ్చం అలాగే పెట్టాలి.

32, 64ల చిక్కు

ఒక ప్రాసెస్‌లోకి లైబ్రరీ వచ్చి కూర్చోవాలంటే రెండూ ఒకే బిట్ కావాలి. 32 బిట్ అప్లికేషన్‌లోకి 64 బిట్ డ్రైవర్ రాదు, 64లోకి 32 రాదు. దీనికి మినహాయింపు లేదు. విండోస్ 64 బిట్ కాబట్టి డ్రైవర్ కూడా 64 బిట్ వేశామనడం వినడానికి సబబుగానే ఉంటుంది కానీ, ఇక్కడ విండోస్ ఎన్ని బిట్లన్నది లెక్కలోకి రాదు. పిలిచే అప్లికేషన్ ఎన్ని బిట్లో అదే చూడాలి.

దీన్ని ఒక ఉదాహరణలో దగ్గరగా చూద్దాం. ఒక కంప్యూటర్లో 64 బిట్ విండోస్ ఉంది. ఎక్సెల్ నుంచి ఒక డేటాబేస్‌లోని పట్టికలు లాగాలి. 64 బిట్ డ్రైవర్ వేశారు, స్టార్ట్ మెనూలో ఓడీబీసీ అని వెతికి, మొదట కనిపించిన అడ్మినిస్ట్రేటర్ తెరిచి, తమ లాగిన్‌కు మాత్రమే చెందే యూజర్ డీఎస్ఎన్ ఒకటి చేశారు. టెస్ట్ నొక్కితే కనెక్షన్ విజయవంతమంది. ఎక్సెల్ తెరిస్తే డేటా సోర్సుల జాబితాలో అదే పేరు కనిపించింది కూడా. ఎంచుకున్నారు. ఆర్కిటెక్చర్ కలవడం లేదని ఎర్రర్. ఇప్పుడే కదా టెస్ట్ పాసయింది!

టెస్ట్ చేసింది ఎవరో చూస్తే ముడి విడిపోతుంది. టెస్ట్ బటన్ ఉన్నది 64 బిట్ అడ్మినిస్ట్రేటర్‌లో. అంటే 64 బిట్ ప్రాసెస్ 64 బిట్ డ్రైవర్‌ను పిలిచింది, పలికింది. ఎక్సెల్ మాత్రం 32 బిట్‌ది. ఆఫీస్ 2019కి ముందు మామూలుగా ఇన్‌స్టాల్ చేస్తే వచ్చేది 32 బిట్ ఆఫీసే, విండోస్ ఏదైనా సరే. మరి పేరు ఎందుకు కనిపించింది? యూజర్ డీఎస్ఎన్‌ల జాబితా 32కూ 64కూ ఉమ్మడిది, అందుకని. కంప్యూటర్ మొత్తానికీ చెందే సిస్టమ్ డీఎస్ఎన్‌లకు మాత్రం రెండు వేర్వేరు జాబితాలుంటాయి. అదే పని సిస్టమ్ డీఎస్ఎన్‌గా చేసి ఉంటే ఎక్సెల్‌లో పేరే కనిపించేది కాదు, ఎర్రర్ ఇంకోలా వచ్చేది. ఒకే తప్పు, రెండు వేషాలు. ఎక్సెల్ ఎన్ని బిట్లో తెలియాలంటే ఫైల్ మెనూలో అకౌంట్, అందులో అబౌట్ ఎక్సెల్ నొక్కితే మొదటి వరసలోనే రాసి ఉంటుంది. పది సెకన్ల పని, కానీ ఇన్‌స్టాలర్ డౌన్‌లోడ్ చేయడానికి ముందు చేయాలి.

ఇక ఫోల్డర్ల పేర్లు పెట్టినవాళ్లకు దణ్ణం పెట్టాలి. 64 బిట్ విండోస్‌లో సిస్టమ్32 అనే ఫోల్డర్లో ఉండేవి 64 బిట్ ఫైళ్లు. సిస్‌వావ్64 అనే ఫోల్డర్లో ఉండేవి 32 బిట్ ఫైళ్లు. పాత అప్లికేషన్ల కోడ్‌లో సిస్టమ్32 అన్న పేరు గట్టిగా పాతుకుపోయి ఉండటంతో దాన్ని మార్చలేకపోయారు. అంతటితో అయిపోలేదు. ఓడీబీసీ అడ్మినిస్ట్రేటర్ ప్రోగ్రామ్ పేరు చివర 32 ఉంటుంది. రెండు ఫోల్డర్లలోనూ అదే పేరుతో రెండు వేర్వేరు ప్రోగ్రాములున్నాయి, సిస్టమ్32లో ఉన్న '32' నిజానికి 64. ఇంకా పైన, 32 బిట్ ప్రోగ్రామ్ ఏదైనా సిస్టమ్32 ఫోల్డర్ తెరవబోతే విండోస్ దాన్ని చడీచప్పుడు లేకుండా సిస్‌వావ్64లోకి మళ్లిస్తుంది. రిజిస్ట్రీలోనూ ఇదే వరస, 32 బిట్ వాళ్ల పట్టికలు వావ్6432నోడ్ అనే గది కింద వేరుగా ఉంటాయి. విండోస్ 8 నుంచి స్టార్ట్ మెనూలో 32 బిట్, 64 బిట్ అని రెండు అడ్మినిస్ట్రేటర్లను విడివిడిగా చూపిస్తున్నారు, జాబితాలో ప్లాట్‌ఫామ్ అన్న కాలమ్ కూడా పెట్టారు. ఇప్పుడు కళ్లు తెరిచి చూసేవాడికి దారి దొరుకుతుంది.

ఈ చిక్కులో అందరికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది యాక్సెస్, ఎక్సెల్ ఫైళ్లను చదివే ఏస్ ప్రొవైడర్. 'ఈ కంప్యూటర్లో రిజిస్టర్ కాలేదు' అన్న మెసేజ్ దీని ట్రేడ్‌మార్క్. దీనికంటే పాతదైన జెట్‌కు 64 బిట్ రూపమే లేదు, కాబట్టి పాత అప్లికేషన్‌ను 64 బిట్‌గా మార్చిన రోజున అది మాయమవుతుంది. ఏస్‌కు రెండు రూపాలూ ఉన్నాయి. అయితే 32 బిట్ ఆఫీస్ ఉన్నచోట 64 బిట్ ఏస్ వేయబోతే ఇన్‌స్టాలర్ ససేమిరా అంటుంది. సైలెంట్ ఇన్‌స్టాల్‌తో ఆ తనిఖీని దాటించే దొడ్డిదారి ఒకటి చాలాకాలంగా ప్రచారంలో ఉంది. పని జరుగుతుంది గానీ, అది మైక్రోసాఫ్ట్ సిఫారసు చేసే పద్ధతి కాదు. రెండింటినీ ఒకే బిట్‌లోకి తెచ్చుకోవడమో, ఫైళ్లు చదివే పనిని వేరే ప్రాసెస్‌కు అప్పగించడమో తర్వాత తలనొప్పి లేని మార్గం.

మ్యాక్‌లో బిట్ల గొడవ ముగిసిందనుకునేలోపు ఇదే కథ ఇంకో రూపంలో వచ్చింది. యాపిల్ సొంత చిప్‌లు ఏఆర్ఎమ్ రకం, పాత మ్యాక్‌లు ఇంటెల్ రకం. రొజెట్టా అనే యాపిల్ అనువాదకం కింద నడిచే ఇంటెల్ ప్రోగ్రామ్‌కు ఇంటెల్ డ్రైవరే కావాలి, ఏఆర్ఎమ్ ప్రోగ్రామ్‌కు ఏఆర్ఎమ్ డ్రైవరే కావాలి. మ్యాక్‌లో ప్యాకేజీలు వేసే హోమ్‌బ్రూ కూడా రెండింటినీ రెండు వేర్వేరు డైరెక్టరీల్లో పెడుతుంది. లక్షణాలన్నీ అవే.

ఫైలు కళ్లెదుటే ఉన్నా 'దొరకలేదు'

ఐఎం003తో పాటు తరచుగా సిస్టమ్ ఎర్రర్ 126 అని వస్తుంది. దాని అర్థం ఫలానా మాడ్యూల్ దొరకలేదని. మెసేజ్‌లో ఫైలు దారి కూడా ఉంటుంది. ఆ దారి పట్టుకుని ఫోల్డర్ తెరిస్తే ఫైలు అక్కడ నిక్షేపంగా ఉంటుంది. కొత్తవాళ్లకు పిచ్చెక్కించే ఘట్టం ఇది.

దొరకనిది ఆ ఫైలు కాదు, దానికి కావాల్సిన ఇంకో ఫైలు. డ్రైవర్ కూడా మరికొన్ని లైబ్రరీల మీద ఆధారపడుతుంది. వాటిలో ఒక్కటి లేకపోయినా విండోస్ మొత్తానికి కలిపి 'దొరకలేదు' అనేస్తుంది, లేనిదాని పేరు చెప్పదు. తరచుగా లేకుండా పోయేది విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ అనే మైక్రోసాఫ్ట్ లైబ్రరీల మూట. మైఎస్‌క్యూఎల్ ఓడీబీసీ ఇన్‌స్టాల్ చేస్తుంటే మధ్యలో ఎర్రర్ 1918 వచ్చి, దాని కడుపులో ఇదే 126 కనిపించడానికి మామూలుగా ఇదే కారణం. ఇక్కడ కూడా బిట్లు చూడాలి. 32 బిట్ డ్రైవర్‌కు ఎక్స్86 రీడిస్ట్రిబ్యూటబులే కావాలి, ఎక్స్64ది ఎన్నిసార్లు వేసినా లాభం లేదు. 126 బదులు 193 వస్తే మాత్రం దాదాపుగా బిట్ల తేడానే.

ఒరాకిల్‌ది ఇదే గుణానికి మరో ముఖం. ఒరాకిల్ ఓడీబీసీ డ్రైవర్ తన కింద క్లయింట్ లైబ్రరీలు ఉండాలంటుంది, వాటిని పాత్ వేరియబుల్‌లో, అంటే వెతకాల్సిన ఫోల్డర్ల జాబితాలో, రాసిన వరసలో వెతుకుతుంది. ఒకే కంప్యూటర్లో రెండు ఒరాకిల్ క్లయింట్లుంటే పాత్‌లో ముందున్నది గెలుస్తుంది, అది సరైన బిట్ అయినా కాకపోయినా. పాత్ మార్చాక కూడా పాత ప్రవర్తనే కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. నడుస్తున్న ప్రాసెస్ తన ఎన్విరాన్‌మెంట్‌ను మొదలైనప్పుడు తెచ్చుకున్నదే వాడుకుంటుంది, ఆ తర్వాతి మార్పులు దానికి తెలియవు. అప్లికేషన్‌ను మూసి తెరవాలి, సర్వీస్ అయితే రీస్టార్ట్ చేయాలి. పైథాన్‌కు ఉన్న కొత్త ఒరాకిల్ లైబ్రరీకి థిన్ మోడ్ ఉంది, దానికి క్లయింటే అక్కర్లేదు. వీలున్నచోట ఆ దారి పడితే ఈ పేరా మొత్తం అవసరం రాదు.

లినక్స్‌లో ఇదే మోసం ఇంకా మొండిగా జరుగుతుంది. అక్కడి డ్రైవర్ మేనేజర్ యూనిక్స్ఓడీబీసీ ఫలానా లైబ్రరీని తెరవలేకపోయాననీ, ఫైలు లేదనీ అంటుంది. ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్ కొడితే ఫైలు ఉంటుంది. అప్పుడు ఆ ఫైలు మీద ఎల్‌డీడీ కమాండ్ నడపాలి. దానికి కావాల్సిన లైబ్రరీలన్నీ వరసగా కనిపిస్తాయి, లేనిదాని ఎదురుగా 'నాట్ ఫౌండ్' అని ఉంటుంది. విండోస్ చెప్పని పేరు ఇక్కడ ఒక్క కమాండ్‌తో దొరుకుతుంది. అసలు డ్రైవర్ మేనేజర్ ఏ కాన్ఫిగ్ ఫైళ్లను చదువుతోందో ఓడీబీసీఇన్‌స్ట్ కమాండ్‌కు జె ఆప్షన్ ఇస్తే చెబుతుంది. సోర్స్ నుంచి కట్టిన కాపీ ఒకటి, ప్యాకేజీ నుంచి వచ్చిన కాపీ ఒకటి ఉన్న కంప్యూటర్లో మనం ఒక ఫైలును దిద్దుతుంటే అది ఇంకోదాన్ని చదువుతూ ఉంటుంది. గంటలు అలా పోతాయి. విండోస్‌లో ఎల్‌డీడీకి సమానమైనది చేతిలో లేనప్పుడు ప్రాసెస్ మానిటర్ అనే ఉచిత సాధనం పనికొస్తుంది. అప్లికేషన్ ఏ ఏ ఫోల్డర్లలో ఏ ఫైలు కోసం వెతికి లేదనిపించుకుందో అది వరసగా చూపిస్తుంది. ఆ జాబితా చివర్లో ఉన్న పేరు చాలాసార్లు దొంగను పట్టిస్తుంది.

నా కింద పనిచేస్తుంది, సర్వీస్ కింద పనిచేయదు

డీఎస్ఎన్ చేసినవాళ్లు తమ లాగిన్‌తో పరీక్షిస్తారు, అన్నీ బాగుంటాయి. అదే పనిని రాత్రిపూట షెడ్యూల్ చేస్తే పొద్దున ఐఎం002 ఎదురుచూస్తుంటుంది. యూజర్ డీఎస్ఎన్ దాన్ని చేసిన యూజర్‌ది మాత్రమే. షెడ్యూల్డ్ టాస్క్, వెబ్ సర్వర్, విండోస్ సర్వీస్ వేరే అకౌంట్ల కింద నడుస్తాయి, వాటికి ఆ జాబితా ఉన్నట్టే తెలియదు. మనిషి కూర్చోని పనులన్నిటికీ సిస్టమ్ డీఎస్ఎన్ చేయాలి. లేదా డీఎస్ఎన్ గొడవే లేకుండా వివరాలన్నీ కనెక్షన్ స్ట్రింగ్‌లోనే రాయాలి. రెండోదే నయం, కొత్త కంప్యూటర్లోకి మారినప్పుడు మరిచిపోవడానికి ఏమీ మిగలదు. విండోస్ వెబ్ సర్వర్ ఐఐఎస్‌లో ఇంకో మీట కూడా ఉంది. అప్లికేషన్ పూల్‌కు 32 బిట్ అప్లికేషన్లను అనుమతించే సెట్టింగ్ అది. అది ఆన్‌లో ఉంటే సర్వర్ 64 బిట్ అయినా ఆ పూల్ 32 బిట్ డ్రైవర్లనే చూస్తుంది.

పైథాన్ వాడేవాళ్లకు ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. పైఓడీబీసీ అన్నది డ్రైవర్ కాదు, డ్రైవర్ మేనేజర్‌తో మాట్లాడించే వంతెన మాత్రమే. పైథాన్ ప్యాకేజీలు వేసే పిప్‌తో దాన్ని వేసి డ్రైవర్ వచ్చేసిందనుకోవడం తరచూ జరిగే పొరపాటు. కానీ దాంట్లో డ్రైవర్స్ అనే ఫంక్షన్ ఉంది. దాన్ని పిలిస్తే ఆ ప్రాసెస్‌కు కనిపించే డ్రైవర్ల పేర్లన్నీ ఇస్తుంది. అప్లికేషన్ ఏ పైథాన్‌తో, ఏ అకౌంట్ కింద నడుస్తుందో అక్కడి నుంచే దీన్ని నడిపితే ఊహలతో పనిలేదు. జాబితా ఖాళీగా వస్తే, అడ్మినిస్ట్రేటర్ కిటికీలో ఎన్ని డ్రైవర్లు మెరిసినా ఆ ప్రాసెస్‌కు ఒక్కటీ లేనట్టే. విండోస్‌లో పవర్‌షెల్‌కు గెట్ ఓడీబీసీడ్రైవర్ అనే కమాండ్ ఉంది, అది ప్రతి డ్రైవర్ పక్కన 32, 64 అని కూడా రాస్తుంది. పోస్ట్‌గ్రెస్‌కు వాడే సైకోపీజీ2 విషయం వేరు. అది ఓడీబీసీని తాకదు. పీజీ కాన్ఫిగ్ అనే పోస్ట్‌గ్రెస్ సాధనం లేదని ఇన్‌స్టాల్ మధ్యలో ఆగిపోతే అది సోర్స్ నుంచి కంపైల్ కావడానికి ప్రయత్నిస్తోందని అర్థం. పేరు చివర బైనరీ అని ఉన్న ప్యాకేజీ వేసుకుంటే కంపైల్ చేసే పనే ఉండదు.

జావాలో చిక్కులు తక్కువ. 1997లో జేడీకే (జావా డెవలపర్ల కిట్) 1.1తో పాటు వచ్చిన జేడీబీసీకి, అంటే జావా నుంచి డేటాబేస్‌తో మాట్లాడే పద్ధతికి, రిజిస్ట్రీతో పనిలేదు. డ్రైవర్ ఒక జార్ ఫైలు, దాన్ని క్లాస్‌పాత్‌లో, అంటే జావా ఫైళ్లు వెతికే దారుల జాబితాలో పెట్టడమే ఇన్‌స్టాలేషన్. పూర్తిగా జావాలో రాసిన డ్రైవర్‌కు బిట్ల బాధ కూడా లేదు. 'తగిన డ్రైవర్ లేదు' అని వస్తే జార్ క్లాస్‌పాత్‌లో లేదనో, యూఆర్ఎల్ మొదట్లో అక్షరం తప్పిందనో రెండే మాటలు. డెవలపర్ ఎడిటర్లో నడిచి సర్వర్లో నడవకపోతే జార్ ఎడిటర్ ప్రాజెక్టులోనే ఉండిపోయిందన్నమాట. క్లాస్ ఫైల్ వెర్షన్ కుదరలేదని వస్తే అందులోని నంబర్ చూడాలి. 52 జావా 8కి, 55 జావా 11కి, 61 జావా 17కి గుర్తు. డ్రైవర్ కొత్తది, జావా పాతది అన్నమాట.

డ్రైవర్ లేచాక వచ్చే కొత్త గొడవలు

ఇంకో రకం ఫిర్యాదు ఉంది. అప్‌డేట్ చేసేదాకా అంతా బాగుంది, చేయగానే చెడింది. డ్రైవర్‌లోనే తప్పుందని తేల్చేస్తారు. డ్రైవర్‌లో తప్పేం లేదు, ఎవరూ ముట్టుకోని సెట్టింగ్‌ల అర్థం మారిపోయింది.

ఎస్‌క్యూఎల్ సర్వర్ ఓడీబీసీ డ్రైవర్ 17లో ఎన్‌క్రిప్షన్ అడిగితేనే ఉండేది. 2022లో వచ్చిన 18లో అడక్కపోయినా ఉంటుంది, సర్వర్ గుర్తింపు పత్రమైన సర్టిఫికెట్‌ను కూడా సరిచూస్తుంది. టెస్టింగ్ కోసం పెట్టిన చాలా సర్వర్లలో ఉండేది అది తనకు తాను తయారుచేసుకున్న సర్టిఫికెట్. 18 దాన్ని చూసి, నమ్మదగిన సంస్థ ఇచ్చింది కాదని తోసిపుచ్చుతుంది. ట్రస్ట్ సర్వర్ సర్టిఫికెట్ అనే సెట్టింగ్‌ను ఎస్ అని పెడితే వెంటనే పని జరుగుతుంది, ఎవరిని అడిగినా ఇచ్చే సలహా అదే. దాని ఖరీదు కూడా తెలిసి ఉండాలి. ఎన్‌క్రిప్షన్ ఉంటుంది గానీ అవతల ఉన్నది మన సర్వరేనా కాదా అన్న తనిఖీ పోతుంది. సొంత కంప్యూటర్లో నేర్చుకునేటప్పుడు ఫర్వాలేదు. నిజమైన డేటా ఉన్నచోట సరైన సర్టిఫికెట్ పెట్టించుకోవడమే పద్ధతి.

మైఎస్‌క్యూఎల్ 8.0లో పాస్‌వర్డ్ సరిచూసే పద్ధతి మారింది. దాంతో పాత కనెక్టర్లు ఆథెంటికేషన్ ప్లగిన్ లోడ్ కావడం లేదని, ఎర్రర్ 2059 అని గోల పెట్టాయి. పోస్ట్‌గ్రెస్ 14 నుంచి కొత్త పాస్‌వర్డ్‌లు స్క్రామ్ పద్ధతిలో నిలవ ఉంటాయి. పోస్ట్‌గ్రెస్ క్లయింట్ లైబ్రరీ లిబ్‌పీక్యూ వెర్షన్ 10 కంటే పాతదైతే దానికి ఆ భాష రాదు. రెండుచోట్లా సర్వర్‌ను వెనక్కి, అంటే పాత బలహీనమైన పద్ధతికి మార్చే చిట్కా ఇట్టే దొరుకుతుంది. డ్రైవర్‌ను ముందుకు జరిపే వీలున్నప్పుడు ఆ చిట్కా వాడటం తెలివైన పని కాదు.

08001 వస్తే ఇదంతా పక్కనపెట్టి ముందు పోర్ట్, అంటే సర్వర్ వినే నెట్‌వర్క్ తలుపు నంబర్ చూడాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు 1433, మైఎస్‌క్యూఎల్‌కు 3306, పోస్ట్‌గ్రెస్‌కు 5432, ఒరాకిల్‌కు 1521 మామూలు పోర్టులు. పవర్‌షెల్‌లో టెస్ట్ నెట్‌కనెక్షన్ కమాండ్‌కు సర్వర్ పేరు, పోర్ట్ ఇస్తే తలుపు తెరిచి ఉందో లేదో చెబుతుంది. మూసి ఉంటే డ్రైవర్‌తో పనిలేదు, ఫైర్‌వాల్ చూసుకోవాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్‌లో టీసీపీ (నెట్‌వర్క్ కనెక్షన్ పద్ధతి) మొదట్లో ఆఫ్‌లోనే ఉంటుంది కాబట్టి ఒకసారి అటు కూడా చూడాలి.

తీసేసి మళ్లీ వేయడానికి ముందు

అసలు ఇన్‌స్టాలరే మధ్యలో 1603 అని చెప్పి ఆగిపోయిందనుకోండి. ఆ నంబర్‌కు 'ఏదో తప్పు జరిగింది' అన్నదానికంటే ఎక్కువ అర్థం లేదు. ఎమ్ఎస్ఐ (విండోస్ ఇన్‌స్టాలర్) ఫైలును వివరమైన లాగ్ రాసేలా కమాండ్ లైన్ నుంచి నడిపి, ఆ లాగ్‌లో 'రిటర్న్ వేల్యూ 3' అన్నది వెతకాలి. అసలు కారణం దానికి కొన్ని వరసల పైన ఉంటుంది. ఓడీబీసీకి వచ్చే ప్రతి పిలుపునూ లాగ్‌లో రాసే ఓడీబీసీ ట్రేసింగ్ కూడా పనికొచ్చేదే, అయితే పని కాగానే ఆపేయాలి. మరిచిపోతే లాగ్ ఫైలు డిస్క్‌ను మింగేస్తుంది, అప్లికేషన్ నత్తనడక నడుస్తుంది, అప్పుడు దానికి కూడా డ్రైవర్‌నే తిడతారు.

పాత డ్రైవర్‌ను తీసేయాల్సిన అవసరం చాలాసార్లు ఉండదు. 17, 18 ఒకే కంప్యూటర్లో పక్కపక్కన హాయిగా ఉంటాయి. 17ను తీసేస్తే, ఆ పేరును కనెక్షన్ స్ట్రింగ్‌లో రాసుకున్న ఇంకో అప్లికేషన్ ఎక్కడో ఆగిపోతుంది, ఆ సంగతి దాన్ని వాడేవాళ్లు చెప్పేదాకా తెలియదు. పైగా డ్రైవర్ పోయినా దాని మీద కట్టిన డీఎస్ఎన్‌లు పోవు, లేని ఫైలును చూపిస్తూ అలాగే ఉంటాయి. వాటిలో ఒకదాన్ని తెరిచి కాన్ఫిగర్ నొక్కితే సెటప్ రొటీన్లు దొరకలేదు, డ్రైవర్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయమని విండోసే సలహా ఇస్తుంది. రిమూవ్ నొక్కినా అదే మాట, చివరికి రిజిస్ట్రీలోకి వెళ్లి చేత్తో తుడవాల్సి వస్తుంది. విండోస్ 7 కాలంలో డ్రైవర్ అన్నివిధాలా బాగున్న డీఎస్ఎన్‌కు కూడా ఇదే మెసేజ్ వచ్చేది. 32 బిట్ డీఎస్ఎన్‌ను 64 బిట్ అడ్మినిస్ట్రేటర్‌లో తెరిస్తే చాలు, మళ్లీ ఇన్‌స్టాల్ చేయమనేది. సిస్‌వావ్64 ఫోల్డర్లోని అడ్మినిస్ట్రేటర్‌తో అదే డీఎస్ఎన్ తెరిస్తే ఏమీ జరగనట్టు తెరుచుకునేది.